అరికాలి చుక్క

మల్లీశ్వరికి మూడేళ్లప్పుడు కుడికాలు చచ్చుబడింది. పోలియో అన్నాడు డాక్టరు. కాదు, గూగూడు పీర్ల పండక్కి ఎత్తుకుపోయిన రోజు దిష్టిచుక్క పెట్టడం మరిచిపోయానంది తల్లి నాగలక్ష్మమ్మ. డాక్టరు ఒక్కసారి చెప్పాడు, తల్లి రోజూ చెప్పింది. గెలుపు తల్లిదే అయింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు కణేకల్ దగ్గరి ఊళ్లో, అన్న ఇంటి ముందు కూర్చుని, ఆరబోసిన శనక్కాయల మీద వాలే కాకుల్ని తోలింది. పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ కుంటిమల్లే. 2001లో అనంతపురం పక్కన వికలాంగులకు పని నేర్పే షెడ్డులో చేరింది. కాగితాలు నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జుతో బొమ్మలు చేయడం ఆరు నెలల్లో పట్టుబడింది. పక్క బల్ల ఓబులేష్‌కు ఒకటే చెయ్యి. లేని చేతి పనంతా నోటితో చేసేవాడు.

"నీకంటే నీ బొమ్మలే బాగుండాయి మల్లీ."

"నీకంటే ఏదైనా బాగుంటాది పోప్పా."

మూడో ఏడు విదేశం నుంచి నూరు బొమ్మలకు ఆర్డరొచ్చింది. అన్నీ మల్లీశ్వరే చేసింది. పెట్టెల్లో సర్దే రోజు, హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు నందిని ఒక బొమ్మను తీసి చూసింది. ఎడమ బుగ్గ మీద నల్లమచ్చ. ఇంకోటి తీసింది. దానికీ ఉంది. నూటికి నూరూ అంతే.

"చెకింగ్ చేసిందెవరు?"

షెడ్డులో పని నేర్పే నారాయణ సారు లేచాడు. "నేనే మేడమ్. రెండిటికి చుక్క లేకుండె. తిరిగిచ్చి పెట్టించినా."

షెడ్డులో ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. అంత కళగల మొహాన్ని చుక్క లేకుండా ఊరు దాటిస్తారా ఎవరైనా?

"దీన్ని డ్యామేజీ అంటారు," అంది నందిని. "సాయంత్రం లారీ వచ్చేసరికి ఒక్క మొహం మీద మచ్చ కనిపించినా, మల్లీశ్వరీ, నువ్వు ఇంటికి పోవచ్చు."

ఇల్లంటే కాకులు. మల్లీశ్వరి నూనెగుడ్డ తీసుకుని బుగ్గలు తుడవడం మొదలుపెట్టింది. ఒక్కో చుక్క పోతుంటే ఏడుపొచ్చింది. తన తల్లి చేసిన తప్పునే తాను నూరుసార్లు చేస్తోంది మరి! పదో బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. బుగ్గ మీద వద్దనుకున్న తల్లులు చుక్క ఎక్కడ పెడతారో గుర్తొచ్చింది. బొమ్మను తిరగేసి, కాటుక తీసి, అరికాలికి పెట్టింది. ముందు తుడిచిన తొమ్మిదింటికీ పెట్టింది.

సాయంత్రం నందిని నూరు మొహాలూ చూసి సంతోషపడింది. కాళ్లు చూడలేదు. నారాయణ సారు మాత్రం ఒక్కో బొమ్మనూ తిరగేసి, అరికాలు చూసి, పెట్టెలో పెట్టాడు.

లారీ పోయింది. మల్లీశ్వరి వేలికి ఇంకా కాటుక ఉంది. ఎడమకాలు పైకి లాక్కుని అరికాలికి చుక్క పెట్టుకుంది. ఓబులేష్ పగలబడి నవ్వాడు.

"నీకింకేం దిష్టి మల్లీ? తగలాల్సిందంతా ఎప్పుడో తగిలె కదా!"

"ఇదొకటి బాగుండాది కదప్పా," అంది మల్లీశ్వరి. "రేప్పొద్దున పనికి రావల్ల."