పద్నాలుగో పేజీ

కాలేజీ గేటు పక్కన జిరాక్స్ షాపు నడిపే బాబాయి యాభై రెండేళ్ల వయసులో ఇంగ్లీషు సాహిత్యం చదువుతానని మా క్లాసులో చేరాడు. మాస్టారి నోట్సు ఇరవయ్యేళ్లుగా ఆయన మెషిన్‌లోంచే బయటికొస్తోంది. అందుకే మాస్టారు నోరు తెరిచేలోపే నా పక్కన కూర్చుని తర్వాతి వాక్యం గొణిగేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు నవలలో కథానాయిక ఇల్లు వదిలి వెళ్లిన చోట నోట్సు ఆగిపోయింది. కారణం చెప్పే పద్నాలుగో పేజీ ఎప్పుడో పోయిందట.

"ఎందుకు వెళ్లిందో మీరే ఆలోచించి రాయండి," అన్నారు మాస్టారు, ఏటా అన్నట్టే.

ఆ పేజీ తన షాపులోనే ఎక్కడో పడిపోయిందేమోనని బాబాయికి అనుమానం వచ్చింది. సాయంత్రం నన్ను సాయం పిలిచి షాపులో మెషిన్ జరిపితే, గోడవార దుమ్ములో ఆ పేజీ దొరికింది.

"ఏముంది బాబాయ్ అందులో?"

"మూడు కారణాలు. నంబర్లేసి మరీ."

"మాస్టారికి ఇచ్చెయ్యండి మరి."

ఆయన నన్ను కొరికేసేలా చూశాడు. "ఇన్నేళ్లుగా మీ అసైన్‌మెంట్లు కాపీ తీస్తున్నా. అందరి జవాబులూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఈ ఒక్క ప్రశ్నకే ఎవరి బుర్రకి తోచింది వాళ్లు రాస్తారు."

పేజీని మళ్లీ గోడవారకి జారవిడిచి, "మెషిన్ అటువైపు పట్టమ్మా," అన్నాడు.