తాండ్రకు గాలి కావాల

రండప్పా, ఇట్లా అరుగు మీదికి జరిగి దగ్గరగా కూర్చోండి. ఆ నులకమంచం మీద మాత్రం వద్దు, తాండ్ర ఆరతా ఉండాది. నేను సదివింది మూడో తరగతి. అయినా నా కళ్ల ముందర జరిగింది ఒక్కటీ మరిచిపోను.

మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. మామిడి కాలంలో ఫ్యాక్టరీకి పోను మిగిలిన పండ్లు తెచ్చి, రసం పిండి, బెల్లం కలిపి ఈతచాప మీద పలచగా పూస్తాను. చాపను మంచం మీద పరుస్తాను. పైన ఎండ, కింద పడమటి గాలి. ఒక పొర ఆరినాక దానిమీద ఇంకో పొర.

నా కూతురి బిడ్డ పోయినేడు తిరుపతి పక్కన ఒక కాలేజీలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆ కాలేజీకీ జర్మనీలో ఒక కాలేజీకీ ఒప్పందమంట. వాళ్ల పిల్లోళ్లు పదైదు దినాలు ఈడికొచ్చి, మనోళ్లతో కలిసి పల్లెల్లో ప్రాజెక్టులు చేస్తారు. అవి చూసి మనోళ్లలో ఒకరిని ఆర్నెల్లు ఆడికి తీసకపోయి సదివిస్తారు. ఉండేది ఒక్క సీటు. దానికోసం మా పాప సంవత్సరం పొడుగునా ఆ జర్మనీ భాష నేర్చుకునింది. అంట్లు తోమేటప్పుడు గూడా గొణుక్కుంటానే ఉండేది.

మా పాప ఉండే జట్టుకు పడి, మా ఇంటికొచ్చిన ప్రాజెక్టు, తాండ్ర ఆరబెట్టే మిషన్. మిషన్ కంటే ముందు బ్యానర్ వచ్చింది. దానెనకాల కాలేజీ సారు, ఆయనెనక తెల్ల పిల్లోళ్లు ముగ్గురు, అందరి మెడల్లో బంతిపూల దండలు. ఒక తెల్ల పిల్లకు పట్టుచీర కట్టించి, నా తిరగలి ముందర కూర్చోబెట్టి ఫొటోలు తీసినారు. ఆ తిరగలికీ తాండ్రకూ ఏం సంబంధమని ఒక్కరూ అడగలా. చాపను టేపుతో కొలిచినారు. కొలిచినోళ్లు గానీ, అది మంచం మీద ఎందుకుండాదని అడిగినోళ్లు లేరు.

మిషన్ అంటే ఏముంది, నల్లరంగు పూసిన రేకు పెట్టె. పైన గాజు మూత.

"సార్, దీంట్లోకి గాలి యాడినుంచి వస్తుంది?" అన్నాను.

"అవ్వా, మేము లెక్కలేసే చేసినాం."

"లెక్కలేసిన దినం ఊళ్లో గాలి లేదేమో సార్."

తెల్ల పిల్లోళ్లకు అర్థం కాలేదు. మా పాప మాత్రం నోటికి చున్నీ అడ్డం పెట్టుకునింది.

మూడో దినానికి గాజు లోపల అన్నం గిన్నె మూతకు పట్టినట్టు చెమట పట్టింది. అయిదో దినానికి తాండ్ర మీద బూజు. అప్పటికి పిల్లోళ్లు తిరుమల కొండకు పోయినారు, ఫొటోలకు.

సీటు ఎవరికో తేల్చే దినం నన్ను గూడా కాలేజీకి రమ్మన్నారు. మిషన్‌తో లాభం పొందిన ఆడమనిషినంట నేను. వ్యాన్లో సారు నాకు పాఠం చెప్పినాడు. "అవ్వా, మూడే మాటలు. మిషన్ బాగుండాది. కష్టం తగ్గింది. థాంక్యూ. మీ పాప జర్మనీ పోవాలనుంది గదా?"

ఆ చివరి మాట గుండెలో ముల్లు మాదిరి దిగబడింది. కాలేజీ మెట్ల కాడ పాపను పక్కకు పిలిచినాను. "ఏం చెప్పమంటావ్ మే?"

"నువ్వు చూసింది చెప్పు అవ్వా. తక్కింది నేను చూసుకుంటా."

అయితే సరేనని, సీటు తేల్చేదానికి జర్మనీ నుంచి వచ్చిన పెద్దాయన ముందర నా క్యారియర్ విప్పినాను. ఒక గిన్నెలో మంచం మీద ఆరిన తాండ్ర, ఇంకో గిన్నెలో మిషన్లో బూజు పట్టింది. గాజు చెమట పట్టిన కాడినుంచి బూజు దాకా అంతా చెప్పినాను. సారు దాన్ని ఇంగ్లీషులోకి తిప్పినాడు. నేను చెప్పిందంతా ఆయన నోట్లో ఒక్క ముక్కయింది. దాంట్లో 'హ్యాపీ' అని వినపడింది. ఆ ఒక్క మాటా నాకూ తెలుసప్పా, టీవీ మాయింట్లోనూ ఉండాది!

మా పాప లేచింది. "మా అవ్వ చెప్పింది అది కాదు సార్," అనేసి, నేను చెప్పిందంతా ఆ పెద్దాయన భాషలోనే చెప్పింది. సంవత్సరం నేర్చుకునిన భాష ఆడ పనికొచ్చింది. పెద్దాయన బూజు వాసన చూసినాడు. మంచం తాండ్ర నమిలినాడు. సారు మొహం మిషన్ గాజు మాదిరి చెమటపట్టింది.

సీటు మాకు రాలేదు. ఆవు యాడుందో ఫోన్లో చూపించే మెడగంట చేసిన పిల్లోడికి పోయింది. ఆ ఆవు పుట్టినప్పటినుంచీ కట్టుగొయ్య కాడే ఉండాది! దాన్ని ఫోన్లో ఎతికినందుకు జర్మనీ.

పాప బావి కాడ శానాసేపు మొహం కడుక్కునింది. నా నోరే చెడగొట్టిందా అని నేను రెండు దినాలు సరిగ్గా అన్నం తినలేదు. మూడోదినం చూస్తే, అది రంపం తెచ్చి రేకు పెట్టెకు రెండుపక్కలా కిటికీలు కోసి, దోమల జాలీ బిగిస్తా ఉండాది. అప్పటినుంచి మబ్బు దినాల్లో గూడా దాంట్లో తాండ్ర ఆరతాది.

మొన్న మళ్లీ సారు వచ్చినాడు, కొత్త తెల్ల పిల్లోళ్లతో, కొత్త బ్యానర్‌తో. మా కాలేజీ మిషన్ అని చూపిస్తా ఉన్నాడు.

"కిటికీలు ఎవరు కోసినారో గూడా చెప్పండి సార్," అనింది పాప.

ఆయన బ్యానర్ సర్దే పనిలో పడినాడు. నేను ఒక ముక్క తాండ్ర ఆయన చేతిలో పెట్టి, నమిలేదాకా నిలబడి అడిగినాను. "హ్యాపీనా సార్?"

సరే, పొద్దు వాలతా ఉండాది, మీరూ తలా ఒక ముక్క తినిపోండి. మీ ఇంటికి ఎండా గాలీ సమంగా తగలాల. మీ బిడ్డలు తెలిసిన మాట ఎవరి ముందరైనా చెప్పగలగాల. మీ చాప మీద ఎప్పటికీ బూజు పట్టకుండాల.