అక్క రక్తంలో తగ్గిన ఉప్పును ఖాజాబీ బీడీల్లో చూసింది

ఊళ్ళు చూద్దామని బయల్దేరినదాన్ని కాదు నేను. తొంభైల నడుమ ఒక వేసవిలో, ఎల్లారెడ్డిలో ఉన్న మా అక్క ఇక సూది వేయించుకోనని మొండికేసిందని కబురొచ్చింది. కుట్టుమిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేశాను. అక్కకు మామూలు మందులకు లొంగని టీబీ. హైదరాబాదు డాక్టరు గుప్పెడు మాత్రలతో పాటు రోజూ ఒక సూది రాశాడు. నాలుగో నెల నడుస్తోంది. మధ్యలో ఆపితే తర్వాత ఏ మందూ పనిచేయకపోవచ్చని ఆయన ముందే హెచ్చరించాడు. అక్కకు కోపం తెప్పించడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు, ఒప్పించడమే రాదు.

కామారెడ్డిలో ఉదయం ఆరున్నర బస్సెక్కాను. తాడ్వాయి, లింగంపేట మీదుగా గంటన్నర దారి, టికెట్టు అప్పట్లో పది రూపాయల లోపే. పడమటికి పోయే బస్సు కాబట్టి పొద్దుటి ఎండ మొహాన కొట్టదు. లింగంపేటలో బస్సు ఆగినప్పుడు చూస్తే, ఏ గడపలో చూసినా ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాటల్లో పడి డ్రైవరుకు సంగతంతా చెప్పేశాను. తన బావమరిది కూడా కాస్త నయమనిపించగానే మందు మానేశాడట. మిగతా దారంతా అక్కకు ఏం చెప్పాలో కూర్చుకుంటూ వెళ్ళాను.

అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఖాజాబీ, ఇరవయ్యేళ్ళుగా ఆమెతో కలిసి బీడీలు చుడుతున్న పొరుగింటామె. అక్కకు పిక్కలు పట్టేస్తున్నాయట, గుండె దడదడమంటోందట, పైగా రోజూ వాంతులు. సూదే ప్రాణం తీస్తోందని ఆమె నమ్మకం. సూది వేసే కాంపౌండరేమో నీరసమని తేల్చేశాడు. అప్పుడు ఖాజాబీ లోపలికెళ్ళి దారాలతో కట్టిన అయిదు చిన్న కట్టలు తెచ్చింది. అక్క బీడీలు బాగాలేవని కార్ఖానాలో తిప్పికొడుతుంటే, పోట్లాడటానికని వారానికో కట్ట దాచి పెట్టిందట.

"గివి వరుసగ చూడు బిడ్డా," అంది. "మొదటి వారం బీడీ మూతి ఎంత బిగువున్నదో. గిప్పుడు మూసుకుంటనే లేదు. నీరసమైతే చెయ్యి మెల్లగ నడుస్తది, వేళ్ళు గిట్ల కొంకర్లు పోవు. రక్తంల ఏందో తక్కువైతున్నది. దవాఖానకు తీస్కపో."

అయిదు కట్టలూ వరుసగా పెట్టి చూశాను. వారం వారం మా అక్క ఎలా జారిపోతోందో కళ్ళకు కట్టింది.  ఒక్క అక్షరం రాని మనిషి ఇంత కనిపెట్టింది!

పదకొండు గంటల బస్సులో అక్కను కామారెడ్డి తీసుకొచ్చాను. అక్కడి ఆసుపత్రి డాక్టరు గుండె పరీక్ష చూసి అప్పటికప్పుడే చేర్చుకుని, రక్తం నిజామాబాదు పంపాడు. మర్నాడు కాగితం వచ్చింది. రక్తంలో పొటాషియం అనే లవణం గుండె లయ తప్పేంతగా పడిపోయింది, మూత్రపిండాలు అప్పుడప్పుడే దెబ్బతినడం మొదలైంది. సూది మందు మూత్రపిండాల మీద పడితే, ఒంట్లో ఉండాల్సిన లవణాలు మూత్రంలో కారిపోతాయని ఆయన ఓపికగా చెప్పాడు. వాంతులు దానికి తోడు. తర్వాత ఏం తింటున్నావని అడిగాడు.

"అరటిపండు, కొబ్బరినీళ్ళు, మజ్జిగ ఏదీ ముట్టలే సార్," అంది అక్క గర్వంగా. "చలువ చేసి దగ్గు వెరుగుతదని మా చెల్లె వద్దన్నది."

నాకు తల కొట్టేసినట్టయింది. జబ్బు తెలిసిన రోజున, పెద్ద వైద్యురాలిలాగా ఆ పథ్యం చెప్పింది నేనే. డాక్టరు నన్ను తిట్టలేదు. అసలు కారణం సూదే అన్నాడు, కానీ పోయేది పోతుంటే, తిండిలో పొటాషియం వచ్చే దారి కూడా మూసేశారన్నాడు. సెలైనులో పొటాషియం కొద్దికొద్దిగా ఎక్కించారు. మూడో రోజుకు అక్క వేళ్ళు తిన్నగా చాచింది. కంటికి కనిపించని ఆ లవణం ఇంత మనిషిని నిలబెడుతుందంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం తీరదు. హైదరాబాదు డాక్టరుతో ఫోనులో మాట్లాడి సూది కొన్నాళ్ళు ఆపారు. ఆ తర్వాత వారానికి మూడు రోజులే, అదీ పదిహేను రోజులకోసారి రక్తం చూస్తూ. అక్క నా వంక చూసి, "సూది వేయించుకుంట. నువ్వు మాత్రం పథ్యాలు చెప్పకు," అంది. ఏడాదిన్నర మందు పూర్తి చేసింది, నెగ్గింది.

ఆ దారిలో నేను ఎన్నోసార్లు వెళ్ళాను గానీ, నలభై కిలోమీటర్లలో అంత నేర్చుకున్న ప్రయాణం మరొకటి లేదు. జ్ఞానం ఏ ఇంటి చాటలో ఉంటుందో ముందే తెలియదు. ఇలాంటి రోగిని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఒళ్ళు పట్టేస్తోందంటే వెంటనే పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు అడగండి. ఆ పరీక్షలు చేయించకుండా సొంతంగా కొబ్బరినీళ్ళు పట్టించకండి, మూత్రపిండాలు బాగా చెడితే పొటాషియం పేరుకుపోయి అదీ ప్రాణం మీదికే వస్తుంది. డాక్టరుకు మందుల చీటీ ఇచ్చేటప్పుడు, ఇంట్లో మీరు ఏమేం తినొద్దన్నారో కూడా రాసివ్వండి. నేను ఆ చీటీ రాయకపోబట్టే, చేతులారా మా అక్కను పోగొట్టుకోబోయాను.