నాలుగో అంచు

ఆర్నో హెన్షెల్ ఏ పనీ పూర్తిగా చెయ్యడు. ముప్పావు చేసి ఆపేస్తాడు. గోడ కూలి జర్మనీ ఒకటయ్యాక, తూర్పువాళ్ల జీతం పడమటివాళ్ల దాంట్లో ముప్పావేనని తేలిన రోజున పట్టిన పంతం అది. కాఫీ ముప్పావు కప్పే తాగుతాడు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, "తక్కినవి పడమటివాళ్లు ఎక్కుతారులే" అంటాడు. భార్య బతికున్న రోజుల్లో, "నా మీద ప్రేమా ముప్పావేనా?" అని నిలదీసిందట. "నీకు మాత్రం పడమటి రేటే" అన్నాడట.

తూర్పున చిట్టావ్ అనే ఊళ్లో తువ్వాళ్ల మిల్లు. అందులో అతని పక్క మిషను గుడ్రూన్‌ది. ఆవిడకి వేళ్ల కీళ్లు వాచి పని సాగదు. మొగుడికా ఉద్యోగం లేదు. ఆ ఊళ్లో ఎంతమంది మగాళ్లకి ఉంది గనక! ఈ పనీ ఊడితే పొయ్యిలో పిల్లి లేవదు. ఆర్నో ప్రతి తువ్వాలుకీ మూడంచులు కుట్టి, ఆవిడ బుట్టలో పడేసేవాడు.

"నువ్వు వదిలేసినవన్నీ నేను కుట్టి చావాలా?"

"నాకిచ్చేది మూడంచుల జీతమే. నాలుగోది పడమర నుంచి తెప్పించుకోమను."

తిట్టుకుంటూనే గుడ్రూన్ నాలుగో అంచు కుట్టి, తన చీటీ తగిలించేది. ఆఖరి అంచు ఎవరు కుడితే తువ్వాలు వాళ్ల లెక్కలోకి పోవడం మిల్లు పద్ధతి.

ఒకనాడు పడమటి యజమానులు క్లాసెన్ అనే ఆయన్ని పంపారు. వెనకబడ్డవాళ్లని తీసేస్తే మిల్లు పడమటి మిల్లులతో సమానమైపోతుందని వాళ్ల నమ్మకం. "ముప్పావు తొమ్మిదికి మిషన్లు ఆపి నిలబడతాం" అని ముందురోజే ఆయనకి ఫోన్లో చెప్పాడు ఆర్నో. తూర్పున దానర్థం తొమ్మిదికి పావుగంట ముందని. ఆ పెద్దమనిషి దాన్ని తొమ్మిదింముప్పావు అనుకుని, తొమ్మిది దాటాక ముప్పావు గంటకి తీరిగ్గా దిగి, "గంటసేపు ఖాళీగా నిలబడ్డారా? అందుకే మీరు వెనకబడ్డారు" అని మొహం చిట్లించాడు.

తర్వాత చీటీలు చూశాడు.

"గుడ్రూన్ గారూ, మీది అచ్చం పడమటి వేగం. ఇక మీరు కుట్టొద్దు. అందరికీ నేర్పండి చాలు. హెన్షెల్ గారూ, మీ చీటీ ఒక్క తువ్వాలుకీ లేదే?"

"ముప్పావు తువ్వాళ్లు బోలెడు కుట్టానండి."

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

గుడ్రూన్‌కి అప్పుడు వెలిగింది. నోరు తెరవబోతే ఆర్నో మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లాడు.

"ఎందుకయ్యా ఇలా చేశావు? ఉత్త బద్ధకం అనుకున్నానే, నా నోరు పడిపోను."

"మీ ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ. నాకేం, పింఛను దగ్గరపడింది."

"అదీ ముప్పావేగా ఇచ్చేది."

"అందుకే దిగులు కూడా ముప్పావే పడుతున్నా. మిగతా పావు నువ్వు పడు. నీకు అలవాటేగా."

గుడ్రూన్ కళ్లు తుడుచుకుంటూ అతని వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ మాత్రం పూర్తిగానే పడింది.