జాజు కింద ఎరుపు

పిక్క మీద కందిగింజంత పొక్కు లేచింది. మాది ధర్మవరం దగ్గర పట్టుచీరలు నేసే ఇల్లు. రోజంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని కనుక, గుంటలో సాలీడు కరిచిందని మా అత్త చూడగానే తేల్చేసింది. మా వీధిలో ఎవరి ఒంటి మీద ఏం లేచినా నింద సాలీడుకే. కరుస్తుండగా చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు.

దానికి మందు జాజు. గడపలకు పూసే ఆ ఎర్రమన్నును నీళ్లలో రంగరించి అత్త నా మోకాలి దాకా పట్టించింది. ఆరితే మళ్లీ పూత. మంట పైకి పాకుతోందంటే, జాజు విషం లాగుతోందని సర్దిచెప్పేది. నేను కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మగ్గం చెక్కలు తొక్కాల్సిన కాలు అది, పోతే నా బతుకేం కావాలి? చీపురు పట్టుకుని గుంటంతా వెతికాను. ఒక్క సాలీడు దొరికినా చంపి కసి తీర్చుకునేదాన్ని. దొరకలేదు.

జ్వరం రావడంతో మా ఆయన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ముందు జాజు కడిగించింది. మన్నంతా పోయింది, కాలు మాత్రం ఎర్రగానే ఉంది. వాపు మోకాలి దగ్గరికి వచ్చేసింది. ఇన్నాళ్లూ ఎరుపు మీద ఎరుపు పూసుకుంటూ కూర్చున్నామని తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది.

"సాలీడును నువ్వు చూసినావామ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

లేదన్నాను. మరి కరిచిందేమిటని నిలదీశాను. సాలీడే కావచ్చు, దోమ కావచ్చు, చెక్క గీసుకుని ఉండొచ్చు, ఆ గాటులోంచి క్రిములు దూరాయి, అంతకుమించి తెలియదంది. ఏదో ఒకటి చెప్పదేమని చిరాకేసింది. ఇంజెక్షన్ చేసి, మాత్రలు రాసిచ్చి, ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసింది. ఎరుపు గీత దాటితే కాలికే ప్రమాదం, వెంటనే రమ్మంది.

ఇక ఇంట్లో గీతకు కాపలా. నేను చీర పైకి జరిపేలోపే అత్త కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి కూర్చునేది. ఆమెను చూస్తే కోపం వచ్చేది. మొహం గోడవైపు తిప్పుకునేదాన్ని. మాత్రల వేళ మాత్రం ఆమే గుర్తుచేసేది.

ఒక పొద్దున అత్త గీత మీద వేలు పెట్టి ఆగిపోయింది. ఎరుపు దాటిందేమోనని నేనూ వంగాను.

"ఎరుపు గీతకు లోపలికి దిగిండాదమ్మా," అంది.

నిజమే. గీత పక్కన రెండు వేళ్ల మేర చర్మం మామూలు రంగుకు వచ్చింది.

"నా చేత్తోనే నీ కాలు పోగొడతాంటినే," అంటూ నా పాదాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. అత్త నా కాలు పట్టుకోవడమేమిటని లాక్కోబోయాను. ఆమె వదల్లేదు. నేనూ ఇక లాక్కోలేదు.