ఏ పడిపోవుడు?

ఆ ఆదివారం ఆటలో మామ చచ్చిపోతాడేమోనని నాకు పొద్దున్నుంచే గుబులుగా ఉంది. చచ్చేది నిజంగా మామ కాదు, కాగితం మీద మామ పెంచుకుంటున్న కావలివాడు. అయితే ఆ కావలివాడు పోతే మామ మళ్లీ నోరు మూసుకుని ఝరాసంగంలో తన ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటాడని నా భయం. అందుకే ఆ పూట వంట చేస్తూ కూడా నాకు ధ్యాసంతా ఆటలోకి రాబోయే తేలు మీదే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. ఏడాదిన్నర కింద ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. మావైపు ఎవరూ పక్షవాతం అనరు, చెయ్యి పడిపోయింది అంటారు, అంతే. కాలు చాలావరకు తిరిగొచ్చింది, చెయ్యి రాలేదు. మాట కొంచెం ముద్దముద్దగా మిగిలింది. చెయ్యి పోయినందుకు కాదు, ఆ ముద్దమాటకే మామ ఎక్కువ సిగ్గుపడ్డాడు. బస్సు నిండా జనాన్ని ఒక్క కేకతో సర్దిన మనిషి, అన్నం పెట్టాలా అంటే తల ఊపడం మొదలుపెట్టాడు. డాక్టరు వేళ్లకు చెప్పిన కసరత్తులు ఒక్కరోజూ చేయలేదని అత్త ఏడుపు.

నేను జహీరాబాద్‌లో ఒక బడిలో ఇంగ్లీషు చెప్తాను. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు హాస్టల్లో ఈ ఆట నేర్చుకున్నాను. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఎవరి మనిషికి ఎంత బలం, ఎంత ప్రాణం అన్నది ఒక కాగితం మీద ఉంటుంది. కొట్లాట వస్తే నోటికొచ్చినట్టు చెప్పడానికి లేదు, నియమాలున్నాయి, పాచికలున్నాయి. కథ నడిపేది నేనే కాబట్టి అందులో రాక్షసులందరూ నేనే. ఈ మాట మా తమ్ముడు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుకుంటాడు.

తమ్ముడూ, మరదలూ, నేనూ ఆదివారం మధ్యాహ్నాలు ముందుగదిలో చాప పరిచి ఆడేవాళ్లం. తమ్ముడిది బండ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని, ఆదివారం మాత్రం ఖాళీ. ఒకసారి వాడే మామను బలవంతంగా లాక్కొచ్చాడు. మొదటి వారం మామ గోడకు ఆనుకుని చూశాడంతే. రెండోవారం కోట దర్వాజ దగ్గర నేను పలుకుతున్న ఒక కావలివాడి మీదికి దొంగలు వచ్చారు. వాడెట్లాగూ చచ్చేవాడే. అప్పుడు మామ మెల్లగా, "ఆని కత్తి నాకియ్యి," అన్నాడు. ఆ కావలివాణ్ణి మామకు రాసిచ్చేశాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం షేర్ ఆటోలో ఒక్కడే వస్తున్నాడు. కావలివాడు దొంగల మీద అరవాలి కాబట్టి మామ అరుస్తాడు. ఆ అరుపులో మాట ముద్దగా ఉందన్న సంగతి మామకే గుర్తుండదు.

రాక్షసుల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. వారమంతా దాన్ని నేను తెలుగులో పొడుగు నోటుబుక్కులోకి దించుకుంటాను. కొత్తగా ఆడేవాళ్లు రాక్షసుడి బలం ఎంత, ప్రాణం ఎంత అని అడుగుతారు. నన్నడిగితే అవి రెండూ చూడనక్కరలేదు. ఎలుగుబంటి ఎంత పెద్దదైనా కొడుతుంది, కొడితే చస్తుంది. భయపడాల్సింది కింద సన్నక్షరాలతో రెండు మూడు వరుసలున్న వాటికి. ఆ వరుసలు మందుచీటీ చదివినట్టు చదవాలి. ఎప్పుడు, ఎవరికి, ఎంతసేపు అన్నది చివరి ముక్కదాకా చదవాలి. సగం చదివి ఎగిరే మా తమ్ముణ్ణి దీనికోసం నేను తిట్టని ఆదివారం లేదు.

తేలును నోటుబుక్కులోకి దించాల్సి వచ్చేసరికి నేనేం చేశానో చెప్తాను. అది ఎడ్లబండంత తేలు. రెండు నెలలుగా కథలో కోట గోడల మీద దాని బొమ్మ చూపిస్తూ వస్తున్నాను కాబట్టి ఇప్పుడు దాన్ని తప్పించడానికి లేదు. అది కుడితే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పన్నెండు గానీ, అంతకు మించి గానీ పడితే ఏమీ కాదు. తక్కువ పడితే ఏమవుతుందో ఆ తరువాతి మాటలో ఉంది. ఆ మాట చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. ఇంగ్లీషులో పక్షవాతం అన్న మాట. మామ ముందు కూర్చుని ఇది ఎట్లా చదవను? పుస్తకం మూసేశాను. నోటుబుక్కులో "కుడితే పడిపోతాడు" అని రాసుకున్నాను. అబద్ధమూ కాదు, ఆ మాటా రాలేదు, ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

ఆరోజు కొట్లాట మొదలైన కాసేపటికే తేలు తోక మామ కావలివాడికి తగిలింది. మామ కుడిచేత్తో పాచిక వేశాడు. ఆరు.

"పడిపోయినవ్ మామా," అన్నాను నోటుబుక్కు చూస్తూ.

తమ్ముడు వెంటనే నియమాల్లోకి దిగాడు. కింద పడితే తన వంతు రాగానే ఆ వంతుకున్న నడకలో సగం ఖర్చుపెట్టి లేవచ్చు. స్పృహ తప్పితే మరదలి వైద్యురాలు వచ్చి లేపాలి, ఆమేమో కోట అవతలి చివర ఉంది. మూడో రకం ఉందని వాడికి తెలుసు, దాని పేరెత్తకుండా నా మొహం చూశాడు. మామ కూడా నన్నే చూస్తున్నాడు. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే ఒళ్లో, తువ్వాల కింద ఉంది.

"ఏ పడిపోవుడు బిడ్డా? కింద పడుడా, సోయి తప్పుడా, నా చెయ్యి లెక్క పడుడా?"

మనకు అన్నిటికీ ఒకటే మాట ఉందని, ఆ మాట వెనక నేను దాక్కున్నానని నాకప్పుడు తెలిసొచ్చింది. అయినా, "ఊకె కింద పడుడే మామా, నీ వంతుకు లెవ్వొచ్చు," అన్నాను.

మామ సంతోషపడలేదు. పుస్తకం కోసం కుడిచెయ్యి చాపాడు. అది ఇంగ్లీషులో ఉందన్నాను. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు బోర్డులు చూసే బండి నడిపానన్నాడు. ఇవ్వక తప్పలేదు. తేలు బొమ్మ ఉన్న పేజీ చాప మీద పరిచి, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ దిగాడు. వేలు ఒకచోట ఆగింది. ఆ మాట మామకు చదవాల్సిన పని లేదు. దవాఖాన ఫైలు అట్ట మీద, ప్రతి చీటీ మీద ఏడాదిన్నరగా చూస్తున్న మాటే అది.

"గీ మాట నాకు ఎరికే," అన్నాడు. "తేలుకు నేను భయపడలే. నువ్వు నన్ను సూసి భయపడ్డవ్ సూడు, గదే మంచిగనిపిస్తలేదు," అన్నాడు.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పుకుని బతికేదాన్ని, తల ఎత్తలేకపోయాను.

మామ పుస్తకం తమ్ముడి వైపు తోసి, ముందున్నది చదివి తెలుగులో చెప్పమన్నాడు. వాడు చదివాడు. కదలకూడదు. మాట్లాడకూడదు. దగ్గర నిలబడి వాణ్ణి ఎవరు కొట్టినా దెబ్బ తప్పదు, ఎంత ప్రాణం పోయిందో లెక్కగట్టే పాచికలు రెట్టింపు. మరదలు ఇక చాలన్నట్టు వాడి మోకాలు తట్టింది. వాడు ఆగకుండా చివరి వాక్యం కూడా చదివాడు. కుట్టించుకున్నవాడు తన ప్రతి వంతు చివరా మళ్లీ పాచిక వెయ్యవచ్చు. పన్నెండో, ఆపైనో పడితే విషం దిగిపోతుంది.

ఆ వాక్యం నేను చూడనే లేదు. ఒక్క మాట దగ్గర బెదిరి పుస్తకం మూసేసినదాన్ని, కింద ఏముందో నాకేం తెలుసు?

"అయితే మళ్ల మళ్ల ఏసుకోవచ్చన్నట్టు," అన్నాడు మామ. "గిది నీ బుక్కుల ఎందుకు రాయలే?"

నోటుబుక్కులో ఆ వాక్యం రాసుకున్నాను.

ఆట తేలు కుట్టిన చోటు నుంచి మళ్లీ నడిచింది. మరదలి వైద్యురాలు పరుగెత్తింది గానీ చాలా దూరముంది. తమ్ముడి బాణం తప్పింది. మామ వంతు వచ్చింది, కావలివాడు చెయ్యగలిగింది ఏమీ లేదు, చివర్లో పాచిక తప్ప. మామ తువ్వాల తీసి పక్కన పెట్టాడు. కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి చాప మీదికి తెచ్చుకున్నాడు. అరచేతిలో పాచిక పెట్టుకున్నాడు. కావలివాడి చెయ్యీ పడ్డదే, నాదీ పడ్డదే, దీంతోనే వేస్తానన్నాడు. తమ్ముడు ఏదో అనబోతే కళ్లతోనే ఆపాను.

వేళ్లు తెరుచుకోలేదు. అరచెయ్యి ఒక పక్కకు వాలితే పాచిక జారి అక్కడే కూర్చుంది. నాలుగు. గవ్వలైనా పాచికైనా దొర్లకపోతే లెక్క కాదు, మళ్లీ వెయ్యమన్నాడు తమ్ముడు. మామ ఒప్పుకోలేదు. పడ్డది పడ్డట్టే లెక్కన్నాడు.

తేలు వంతు. అందరి కళ్లముందే రెట్టింపు పాచికలు వేశాను. కావలివాడికి పద్దెనిమిది ప్రాణాలుండేవి, మూడు మిగిలాయి. తేలు ఇంకొక్కసారి కొడితే తక్కువలో తక్కువ పడినా నాలుగు పోతాయి. మరదలు కావలివాణ్ణి చేరడానికి ఇంకా ఇరవై అడుగులున్నాయి. తమ్ముడి బాణం ఈసారి తగిలింది గానీ తేలు చావలేదు. మామకు మిగిలింది ఒక్క పాచిక.

మామ తొందరపడలేదు. కుడిచేత్తో ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటి పట్టుకుని వెనక్కి లాగాడు, మడిచాడు, మళ్లీ లాగాడు. అత్త ఏడ్చి మొత్తుకున్నా చేయని కసరత్తు అదే. గేరు రాడ్డు పట్టేది ఆ చేత్తోనే కదా. పాచిక మీద వేళ్లు కొద్దిగా ముడుచుకున్నాయి. మణికట్టు నేల విడిచి వేలెడంత లేచింది, గేరు వేసినట్టు ఒక పక్కకు తిరిగింది.

పాచిక ఛాయ్ గ్లాసుకు తగిలి, చాప మీద దొర్లుకుంటూ పోయి మరదలి కాలి దగ్గర ఆగింది. వంగి చూశాను.

"తొమ్మిది, మామా."

మామ అంకె వినలేదు. తన చేతికీ పాచికకూ మధ్య ఉన్న దూరాన్ని చూస్తున్నాడు.

"దొర్లింది," అన్నాడు. అది కావలివాడి గొంతు కాదు, మామ సొంత గొంతే, ముద్దగానే ఉంది. "సూసినవా, దొర్లింది."

తేలు వంతు వచ్చింది. పాచికలు గుప్పిట్లో పట్టుకుని కూర్చుండిపోయాను. తేలును తమ్ముడి వైపు తిప్పినా ఎవరూ అడగరు. తమ్ముడు కిటికీ వైపు చూస్తున్నాడు, నాకు దారి వదిలేసినట్టు. మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ తువ్వాల కప్పుకోలేదు.

"ఏం సూస్తున్నవ్? నీ వంతే. కొట్టు," అన్నాడు. "కొట్టినంక నాకు కొత్త కాయితం ఇయ్యి."

నేను పాచికలు వేశాను.