మధ్యాహ్నపు దొరసాని

నిన్న అన్నం తిని నడుం వాల్చబోతుంటే మా చెల్లెలి కోడలు ఫోను పట్టుకొచ్చి, "మామా, ఇది నువ్వు పనిచేసిన లైబ్రరీనే కదా?" అంది. చూద్దును కదా, నంద్యాల్లో మా పాత గ్రంథాలయం. పైకప్పు కారుతోందని పుస్తకాలు వేరేచోటికి తరలించి, దానికి తాళం వేసి చాలా ఏళ్ళయింది. ఎవరో పిల్లవాడు గోడ దూకి లోపలికి పోయి, ఇక్కడ మధ్యాహ్నం పూట దొరసాని దయ్యం చదువుకుంటుందని వీడియోలో లోకానికి చెబుతున్నాడు. రిటైరై ఆళ్లగడ్డకు వచ్చి పడ్డాకైనా ఈ దొరసాని పీడ వదులుతుందనుకున్నాను. "ఆ దయ్యాన్ని పుట్టించింది నేనేనమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "నిద్రొస్తాండాది నీకు, పండుకో మామా" అని వెళ్ళిపోయింది. ఈ నిజం ఎంతమందికి చెప్పానో, చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇంకొక్కసారి చెబుతాను, ఓపిక ఉన్నవాళ్ళు వినండి.

అది ఏ కాలంలోనో ఎవరో దొర కట్టుకున్న బంగళా. నాపరాళ్ళ నేల, మనిషికి రెండింతల తలుపులు. వేసవిలో మా పాఠకుల్లో సగం మంది చదువు కోసం కాదు, చల్లదనం కోసం వచ్చేవాళ్ళు. పేపరు ఒకటే, చదివేవాళ్ళు నలుగురు. కాబట్టి విడదీసి తలా ఒక కాగితం పంచేవాళ్ళం. సినిమా పేజీ దొరికినవాడు దాన్ని పొలం పట్టా కాగితంలా పట్టుకుని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పొద్దున పదకొండింటికి మూసి మళ్ళీ సాయంత్రం నాలుక్కి తెరిచేవాళ్ళం. ఆ మధ్య వేళ నేను ఇంటికి పోయేవాణ్ణి. ముందు గేటుకు తాళం ఉండేది.

మా అటెండరమ్మది చర్చి పక్క పేట. భర్త మా లైబ్రరీలోనే అటెండరుగా ఉంటూ చనిపోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. పుస్తకాల మీది నంబర్లు చూసి ఒక్కటి కూడా తప్పు పోకుండా బీరువాల్లో సర్దేది. ఒకరోజు మరిచిపోయిన కళ్ళద్దాల కోసం మధ్యాహ్నం వెనక తలుపు గుండా వెళ్తే, పిల్లల గదిలో ఒకటో తరగతి వాచకం ముందేసుకుని గట్టిగా గుణింతాలు చదువుతోంది. ఆమెకు వచ్చినవి అంకెలు మాత్రమేనని నాకు అప్పుడే తెలిసింది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. "చదువొచ్చునని రాసిచ్చి చేరినాను సార్. బయటపడితే ఉద్యోగం పోతాది. ఇద్దరు పిల్లోళ్ళు నాకు." ఎవరికీ చెప్పనన్నాను. "మనసులో చదువుకోరాదా అమ్మా?" అంటే, "గట్టిగా చదివితేనే ఎక్కుతాది సార్ నాకు" అంది.

కొన్నాళ్ళకు ఎదురుగా టీ బంకు పెట్టుకున్నాయన నన్ను పక్కకు పిలిచాడు. "గేటుకు తాళమేసి ఉంటే లోపల ఆడమనిషి గొంతు వినబడతాంటాది, ఏందీ సార్ అది?" ఆమెను కాపాడాలన్న తొందరలో నోటికొచ్చింది అనేశాను. "దొర పెళ్ళాం అంటారప్పా. ఎప్పటినుంచో ఉందంట." ఎంత తెలివైనవాణ్ణో అని ఇంటిదాకా నాలో నేనే మురిసిపోయాను.

నెల తిరిగేసరికి దొరసానికి తెల్లగౌను వచ్చింది, బూట్లు వచ్చాయి. ఒక పెద్దమనిషి ఆమెను కళ్ళారా చూశానన్నాడు. ఆయన మధ్యాహ్నం ఇల్లు కదిలి ఎరగడు. ముందు ఆడవాళ్ళు మానేశారు, తర్వాత పిల్లలు. చివరికి బజారులో పెద్దలు కొందరు, ఈ బంగళా మంచిది కాదు, లైబ్రరీని అంగళ్ళ మీది గదిలోకి మార్చండి అని అర్జీ పెట్టారు. ఆ గదిలో మా బీరువాల్లో సగం కూడా పట్టవు. ఈ సంగతి చెబితే అటెండరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నా కోసరం చచ్చిపోయినామెను లేపినావా సార్?" అంది.

విచారణకు పై అధికారి సాయంత్రం వచ్చాడు. వసారా నిండా జనం. నిజమేంటని అడిగితే నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు ఆమె చీపురు పక్కన పెట్టి వచ్చి, ఒకాయన చేతిలోంచి పేపరు తీసుకుంది.

"ఆ దయ్యం నేనే సార్. చదువు రాదు నాకు. మద్యాన్నం పూట నేర్చుకుంటాండా. వినండి."

శనక్కాయల ధర గురించిన వార్త అది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, చెమటలు కక్కుతూ చివరిదాకా చదివింది. ఎవరూ నవ్వలేదు. ఆమె ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. అధికారి అంతా విని, "చదువొచ్చు కదమ్మా నీకు. రాదంటావేంది?" అని అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. లైబ్రరీ నిలిచింది, ఉద్యోగమూ నిలిచింది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ ఊరికి అటెండరమ్మ కంటే దొరసానే నచ్చింది. మానేసినవాళ్ళు మళ్ళీ వచ్చారు గానీ, "ఏం దొరసానీ, యాడిదాకా వచ్చింది చదువు?" అని ఆమె మొహం మీదే అడిగేవాళ్ళు. నవ్వేసి ఊరుకునేది. కానీ ఆ మాట మొదటిసారి విన్న మర్నాటి నుంచి మధ్యాహ్నం ఆమె గొంతు మళ్ళీ వినబడలేదు. నేనెంత చెప్పినా పెదాలు కదిలించేదే తప్ప శబ్దం రానిచ్చేది కాదు. రెండో వాచకం సగంలో ఆగిపోయింది. రిటైరయ్యే రోజున సంతకం పెట్టేటప్పుడు కూడా చుట్టూ చూసి, చేయి అడ్డం పెట్టుకుని పెట్టింది.

ఆమె పోయిందని తెలిసి వాళ్ళ చర్చికి వెళ్ళాను. లోపల ఆడవాళ్ళు గొంతెత్తి పాటలు పాడుతున్నారు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆ రోజు టీ బంకు ఆయనతో "మా అటెండరమ్మ చర్చి పాటలు పాడుకుంటాందప్పా" అంటే సరిపోయేది. ఎవడూ మళ్ళీ అడిగేవాడు కాదు. ఆమె ఎంత గట్టిగానైనా చదువుకునేది. ఇంత చిన్న మాట నాకు అన్నేళ్ళపాటు తట్టలేదు. కాలం అన్నిటికీ జవాబు చెబుతుంది, కాకపోతే ఆ జవాబు కావలసినవాళ్ళు వెళ్ళిపోయాక చెబుతుంది.